కంద ముక్కకు నలభై రోజుల వయసు

పశుమాంసాన్ని అద్దాల గదిలో వేలాడదీసి, దాని మీద పసుపుపచ్చని దీపాలు వేసి, "ఇది వయసు పెంచుకుంటున్నది, నెమ్మదిగా మాట్లాడండి" అని అతిథులకు బోర్డు పెట్టే భోజనశాల ఒకటి ఉంటుందంటే మా జగిత్యాల వైపు ఎవరూ నమ్మరు. సౌదీ అరేబియా సముద్రతీరంలోని ఒక రిసార్ట్ హోటల్లో, సరిగ్గా అటువంటి చోట నేను పదమూడేళ్లు పనిచేశాను. ఆ అద్దాల గదిలో చలి తగ్గకుండా, తేమ హెచ్చకుండా చూడడం నా బాధ్యత. ఆ మాంసం నేను ముట్టేవాణ్ణి కాను. తినని వాణ్ణి కాపలా పెడితే సరుకు భద్రంగా ఉంటుందని మా మేనేజరు వచ్చిన ప్రతి పెద్దమనిషికీ చెప్పి నవ్వేవాడు. పదమూడేళ్లలో ఆయన వద్ద నేను విన్న హాస్యం అదొక్కటే.

రోజుకు నాలుగుసార్లు ఉష్ణోగ్రత రాయడం హోటల్ నియమం. అది ఇంగ్లీషు ఫారంలో రాసేవాణ్ణి. అది కాక, నా సొంతానికి తెలుగులో ఒక నోటు పుస్తకం ఉండేది. యంత్రం ఎప్పుడు మొరాయించింది, తలుపు తెరిచి వదిలేసింది ఎవరు, ఎవరు ఎవరితో ఏమన్నారు, అన్నీ అందులోకి ఎక్కేవి. ఇప్పుడు ఆ పుస్తకాలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. గల్ఫ్ దేశాలకు పోవాలనుకునే యువకులు చదవాలని నా కోరిక. మిగిలినవారు చదివితే నాకు అభ్యంతరం లేదు.

ఆ భోజనశాలకు టీవీలో కనిపించే ఒక విదేశీ వంటవాడి పేరు పెట్టారు. ద్వారం దగ్గర ఆయన చేతులు కట్టుకుని నిలుచున్న ఫోటో, నిలువెత్తున. మెనూ మీద ఆయన సంతకం. పళ్లేల అంచున ఆయన పేరులోని మొదటి అక్షరం. ఇన్నిచోట్ల ఉన్న మనిషి స్వయంగా వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. వచ్చినా పొయ్యి దగ్గరికి వెళ్లేది ఫోటోలు తీసే సమయానికి. ఆ దేశంలో మద్యం నిషిద్ధం కనుక, పొడవు కాడల గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి, అది ఏ కొండవాలున పండిన ద్రాక్షో వెయిటరు చేత చెప్పించేవారు. అతిథులు దాన్ని గ్లాసులో గిరగిర తిప్పి, వాసన చూసి, తల పంకించేవారు. ఈ దృశ్యం నేను అద్దాల గది లోపలి నుంచి కొన్ని వందలసార్లు చూశాను. ఒక్కసారి కూడా గౌరవం కలగలేదు.

నిజంగా ఆ మాంసాన్ని కాల్చింది మరొకరు. పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. పదకొండేళ్లుగా ఆ గ్రిల్ ముందు నిలబడ్డాడు. నన్ను "అన్నగారూ" అనేవాడు, నేను "తమ్మీ" అనేవాణ్ణి. అతని భార్య అదే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. ఇద్దరికీ వేర్వేరు ఉద్యోగాలు, వేర్వేరు ఇఖామాలు, అంటే నివాస అనుమతి కార్డులు, ఉండడం వల్ల కలిసి ఒక గదిలో కాపురం చేయగలిగారు. మా కార్మికుల క్యాంపులో భార్య చేతి అన్నం తినే భాగ్యం ఉన్నది అతనొక్కడికే. శుక్రవారాలు ఆ అన్నంలో నాకూ భాగం ఉండేది.

అతని కష్టం ఇఖామాలోనే ఉంది. వచ్చిన కొత్తలో ఏజెంటు దగ్గర దొరికింది హమ్మాల్ వీసా. హమ్మాల్ అంటే బరువులు మోసేవాడు. వంట చేయించుకున్నారు, కార్డులో మాత్రం హమ్మాల్ అనే ఉండిపోయింది. అది బయటపడితే ప్రమాదమని మొదటి ఏడాదే నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

తర్వాత నితాఖత్ అనే చట్టం వచ్చింది. ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకున్నారన్న దాన్ని బట్టి ప్రతి కంపెనీకి ఒక రంగు. ఎరుపులో పడిన కంపెనీలో విదేశీయుల ఇఖామాలు రెన్యువల్ కావు. ఒక దేశం తన బిడ్డలకు పని ఇవ్వమనడంలో తప్పేమీ లేదు, నేనైనా అదే కోరతాను. తప్పు మా హోటల్ పెద్దలది. పని ఇవ్వడానికి బదులు వారు పేరు ఇచ్చారు. ముప్పై అయిదేళ్ల ఒక సౌదీ వ్యక్తిని కాగితం మీద గ్రిల్ పెద్ద అని చూపించారు. ప్రసిద్ధ వంటవాడి స్వహస్త శిక్షణలో తయారైన స్థానికుడని పత్రికలకు చెప్పారు. అతడు ఉదయం వచ్చి వేలిముద్ర వేసి, గ్రిల్ వైపు వస్తే మేనేజరు అతన్ని క్యాంటీన్‌లో కూర్చోమని పంపేవాడు. అతడు నన్ను ఒకసారి అడిగాడు: "నేర్పరా నాకు? కుర్చీ కాపలాకే పెట్టుకున్నారా?" ఆ ప్రశ్న కూడా పుస్తకంలోకి ఎక్కింది.

ఆపైన విదేశీయుల మీద లెవీలు, అంటే నెలనెలా కట్టే పన్నులు, వచ్చాయి. కుటుంబాల మీద కూడా పడేసరికి విదేశీ ఉద్యోగులు భార్యాపిల్లలను స్వదేశాలకు పంపేశారు. ఆ కుటుంబాలు ఉండే కాంపౌండ్లు ఖాళీ అయ్యాయి. వాటితో పాటు మా భోజనశాల బల్లలూ ఖాళీ అయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ వంటవాడు కెమెరా బృందంతో మూడు రోజులకు వస్తున్నాడని తెలిసింది. మా తమ్ముడి ఇఖామాకు అప్పటికి అయిదు వారాల గడువు మాత్రమే మిగిలి ఉంది. మేనేజరు అతనికి ఒక ఆశ చూపాడు. పెద్ద వంటవాడు ఒక్క ఉత్తరం మీద సంతకం పెడితే, దాన్ని బట్టి హమ్మాల్‌ను వంటవాడిగా మార్పించి రెన్యువల్ చేయిస్తామన్నాడు. ఉత్తరం టైపు చేసి సిద్ధంగా ఉంచారు. మూడో రోజు, అంతా సవ్యంగా ముగిశాక, సంతకానికి పెడతామన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం హోటల్ యజమాని, అంటే మా కఫీల్, పెద్దలకు విందు పెట్టుకున్నాడు. ముందురోజు లెక్క చూస్తే పెద్దల బల్ల ఒక్కటే నిండేలా ఉంది, మిగిలిన పద్దెనిమిది బల్లలకు ఎవరూ లేరు. ఖాళీ కుర్చీలు కెమెరాలో పడితే పరువు పోతుంది. అప్పుడు మేనేజరుకు ఒక ఆలోచన వచ్చింది. అతిథులు లాండ్రీలో వదిలిపోయిన కోట్లు తీయించి, తల నెరిసిన సిబ్బందికి తొడిగించి, కుర్చీల్లో కూర్చోబెట్టడం.

"చాచా, కల్ ఆప్ మెహమాన్ హై," అన్నాడు నాతో. "బస్, బైఠ్‌నా, ముస్కురానా, ఖానా."

రేపు నేను అతిథినట, కూర్చుని, నవ్వి, తినాలట. గొడ్డుమాంసం తిననని చెప్పాను.

"తో మత్ ఖానా. కాట్‌నా. ఫోటో మే కాట్‌తే హుయే దిఖ్‌నా!"

తినకు, కోస్తున్నట్టు కనిపించు, చాలునట. ఈ మాటను నేను అదే సాయంత్రం పుస్తకంలో యథాతథంగా ఎక్కించాను. ఆ సంస్థ తత్త్వం మొత్తం అందులో ఉంది.

సంగతి తెలిసి తమ్ముడు కోల్డ్ రూమ్ దగ్గరికి వచ్చాడు.

"కోయడానికి కూడా మీకు మనసొప్పదని నాకు తెల్దేటండీ అన్నగారూ? మీ పళ్లెం నేను చూసుకుంటానండి. కంద దొరికిందండి మలబారీ బకాలా కొట్లో. బీట్‌రూట్ నీళ్లలో నానబెట్టి, పైన మాడ్చేసి, ఆ సాసు పోశానంటే ప్రభువు కూడా కనిపెట్టలేడండి."

"ఎవరన్న కనిపెడితె నీకేమన్న అయితది తమ్మీ, వద్దు."

"కనిపెట్టాలంటే తినాలి కదండీ? ఫోటోలకొచ్చినోళ్లు తింటారేంటండీ?"

మరునాడు మధ్యాహ్నపు జుహర్ నమాజు ముగిశాక తలుపులు తీశారు. సాయంత్రపు అసర్ నమాజు లోపల అంతా ముగించాలి. నా ఎదుట కుర్చీలో మా కరీంనగర్ ప్లంబరు కూర్చున్నాడు. అతని కోటు చేతులు వేళ్ల కొసల దాకా వచ్చాయి.

"అన్నా, గీ కోటు తొడుక్కున్న మనిషి ఎంత పొడుగుండెనో గని, కోటు ఇడ్సిపెట్టి యాడికి పోయిండంటవ్?"

"మాట్లాడకు. నవ్వుమన్నరు, నవ్వు."

"నవ్వుతున్న. దవడలు నొస్తున్నయ్. నిన్న గీ బల్ల కిందనే పైపు లీకయితె పండుకొని చేసిన. ఇయ్యాల సారునైన."

రోజూ నాతో పాటు మెస్‌లో పప్పు తినే బంగ్లాదేశీ వెయిటరు వచ్చి, వంగి, పెదవి కొరుక్కుంటూ, మాంసం పచ్చిగా కావాలా, బాగా కాల్చాలా అని అడిగాడు: "సాబ్, గోష్త్ కైసా చలేగా? కచ్చా, యా పక్కా?" ప్లంబరు తీవ్రంగా ఆలోచించి, "దర్మియాన్ మే," అన్నాడు, అంటే రెండింటికీ నడుమ.

నా పళ్లెం వచ్చింది. నల్లగా మాడిన పైపొర, కోస్తే లోపల లేత ఎరుపు. నేనే ఒక్క క్షణం సందేహించాను. నోట్లో పెట్టుకుంటే కంద. గోదావరి జిల్లా పులుసు బెల్లాల రుచి ఆ సాసు అడుగున ఎక్కడో ఉంది. పదమూడేళ్లలో ఆ భోజనశాలలో నేను తిన్న ఒకే ఒక భోజనం అది. గొప్ప భోజనం.

అప్పుడు ఆ టీవీ వంటవాడు కెమెరాతో బల్లల మధ్య తిరుగుతూ వచ్చాడు. ఫోటోలో కంటే పొట్టివాడు. గ్రిల్ పక్కన, మచ్చలేని తెల్లకోటులో, ఆ సౌదీ సహోద్యోగిని బొమ్మలా నిలబెట్టారు. తమ్ముడు లోపలి గదిలో, కనబడకుండా, పొయ్యి ముందు ఉన్నాడు. ఆయన మా బల్ల దగ్గర ఆగాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. నా చేతిలోని కత్తి తానే తీసుకుని నా పళ్లెంలోని ముక్కను పక్కకు వాల్చి, కెమెరా వైపు చూపించి చెప్పసాగాడు. ఈ రంగు చూడండి అన్నాడు. ఈ నార చూడండి అన్నాడు. నలభై రోజులు నా అద్దాల గదిలో ఓపిక పట్టిన మాంసం మాత్రమే కత్తికి ఇలా లొంగుతుంది అన్నాడు. ఇది నా చేతి సంతకం అన్నాడు. రుచి చూడలేదు. ఈ విషయం నేను ప్రత్యేకంగా గమనించాను: ఆయన రుచి చూడలేదు.

అద్దాల గది నాది. దానికి నలభై రోజులు కాదు, పదమూడేళ్లు ఓపిక పట్టింది నేను. ఆ ముక్క తమ్ముడిది. చేతి సంతకం అని ఆయన అంటున్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

"సర్," అన్నాను, "నో మీట్. దిస్ వెజిటబుల్. అండర్ గ్రౌండ్ వెజిటబుల్."

 ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. మేనేజరు వెనక నుంచి "చాచా!" అని బుసకొట్టాడు. పక్క బల్ల నుంచి కఫీల్ లేచి వచ్చి, నా పళ్లెంలోంచి ఒక ముక్క తీసి తిని, "వల్లాహ్!" అని కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు.

అక్కడ ఆగి ఉంటే, అదొక వినోదంగా ముగిసేది. నేను ఆగలేదు. లేచి నిలబడి, నాకు వచ్చిన ఇంగ్లీషులో, వచ్చిన అరబ్బీలో, స్పష్టంగా చెప్పాను: దీన్ని చేసినవాడు లోపల ఉన్నాడు. పదకొండేళ్లుగా ఇక్కడ ప్రతి స్టేక్ కాల్చింది అతడే. ఫోటోలో ఉన్నాయన కాదు, ఈ తెల్లకోటు ఆయన కూడా కాదు.

తమ్ముణ్ణి పిలిపించారు. ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మొదట ప్రశంస అనుకుని నవ్వబోయాడు. నా ముఖం, తర్వాత మేనేజరు ముఖం చూసి మానుకున్నాడు. కఫీల్ అతని వీపు తట్టాడు. కానీ కఫీల్ పక్క కుర్చీలో కార్మికశాఖ అధికారి ఒకరు అతిథిగా కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వలేదు. మర్యాదగానే, తెల్లకోటు వైపు చూపి, "అయితే ఈయన ఎవరు?" అని అడిగారు.

ఆ సౌదీ సహోద్యోగి మేనేజరు వైపు చూడకుండా జవాబిచ్చాడు: "కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఇవాళ నిలబడమన్నారు, నిలబడ్డాను. నేర్పమని అడిగితే నేర్పలేదు."

అధికారి తమ్ముడి ఇఖామా చూపించమన్నారు. అప్పుడు, అంతకు ముందు కాదు, నాకు ఆ హమ్మాల్ అన్న మాట గుర్తుకొచ్చింది. స్వయంగా రాసి, కింద గీత గీసుకున్న మాట. తమ్ముడు జేబులోంచి కార్డు తీసి అధికారి చేతికిచ్చాడు.

ఆ అధికారి మనిషి చెడ్డవాడు కాదు. పదిహేను రోజుల్లో సరిచేయమని మాత్రమే హోటల్‌కు చెప్పి వెళ్లారు. వృత్తి మార్చండి, లేదా అతన్ని ఆ పని మాన్పించండి అన్నారు. ఉత్తరం ఒకటి ఉంటే సరిపోయేది. మూడో రోజు ఉదయం నేనే ఆ ఉత్తరం పట్టుకుని, ఈతకొలను పక్కన పండ్లు తింటున్న ఆ మహానుభావుడి దగ్గరికి వెళ్లాను. కోల్డ్ రూమ్ రిజిస్టర్లు కూడా తీసుకెళ్లాను. రోజూ ఉదయం మాంసం తీసుకున్నట్టు తమ్ముడు పెట్టిన సంతకాలు వాటిలో ఉన్నాయి. ఆయన వాటిని తెరవలేదు. నిన్నటి సంగతి ఎంతో సరదాగా జరిగిందన్నాడు. ఉత్తరాల వ్యవహారం తన బృందం చూస్తుందన్నాడు. నాతో ఒక సెల్ఫీ దిగాడు. ఆ తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆ దుంప పేరు ఏమిటని, ఎలా నానబెట్టారని అడిగాడు.

నేను చెప్పలేదు. ఆ మూడు రోజుల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

వృత్తి మార్పిస్తే ఇన్నేళ్లుగా పత్రికలకు, కార్యాలయాలకు చెప్పినదంతా అబద్ధమని ఒప్పుకోవలసి వస్తుందని మేనేజరు లెక్క వేసుకున్నాడు. ఎగ్జిట్ కొట్టించి తమ్ముణ్ణి స్వదేశానికి పంపేయడమే సులువు అనిపించింది. అనుమతి లేకుండా వంటగదిలో దూరిన కూలీ అని కాగితం తయారు చేశారు. ఆ కాగితం మీద సాక్షిగా నా సంతకం అడిగారు, నేను పెట్టలేదు. నా సంతకం లేకుండానే పని జరిగిపోయింది. నా ధైర్యం కూడా ఆ విధంగా నిరుపయోగమైంది.

మిగిలిన రోజుల్లో ఆ సౌదీ సహోద్యోగికి పని నేర్పమని తమ్ముణ్ణే ఆజ్ఞాపించారు. ఎవరైనా ఆ స్థితిలో తప్పుడు పద్ధతి నేర్పుతారు. నేనైతే నేర్పేవాణ్ణి. తమ్ముడు మాత్రం ఆ మనిషి మణికట్టు పట్టుకుని, గ్రిల్ మీదికి వంచి నేర్పాడు.

"షూఫ్ కాదండీ, షూఫ్ కాదు. ఇస్మా, ఇస్మా! చూడ్డం కాదండి, వినాలండి. ఆ చుయ్యిమనే చప్పుడు తగ్గిందా, అప్పుడు తిప్పాలండి."

ఆ సౌదీ సహోద్యోగి, చెవి దగ్గరగా పెట్టి విని, "ఐవా, యా ముఅల్లిమ్," అనేవాడు. ఐవా అంటే అవును, ముఅల్లిమ్ అంటే గురువు. ఆ పెద్ద వంటవాణ్ణి ఆయన ఎన్నడూ అలా పిలవగా నేను వినలేదు. ఆయన ఆరోజు నుంచి నిజంగా గ్రిల్ పెద్ద అయ్యాడు. నితాఖత్ కోరింది ఏదైతే ఉందో అది చివరికి నెరవేరింది. దాన్ని నెరవేర్చినవాణ్ణి దేశం దాటించారు.

యువకులారా, చేరిన మొదటి రోజే మీ ఇఖామాలో వృత్తి ఏమని రాశారో చదివించుకోండి. సరిగా లేకపోతే మీ చేతి పని లోకానికి నచ్చక ముందే సరిచేయించుకోండి. నచ్చిన తర్వాత ఆలస్యమవుతుంది.

తమ్ముడు వెళ్లింది ఒక మంగళవారం, ఉదయం పూట విమానం. విమానాశ్రయానికి నేనూ వెళ్లాను. అతని భార్య డ్యూటీ దిగి, నర్సు దుస్తుల్లోనే నేరుగా వచ్చింది. ఆమె కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉంది. ఆమె ఇక్కడే ఉండిపోవాలి, ఆసుపత్రి హాస్టల్‌కు మారాలి. నేను ఏవేవో చెప్పబోయాను. అతడు నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఊరుకోండి అన్నగారూ. పదకొండేళ్లకి నా కంద కఫీల్ గారు తిన్నారు, చాలదేటండీ."

ఆమె నవ్వలేదు.

"అన్నగారూ, మీరన్నది అబద్ధమని నేననట్లేదండి. పదకొండేళ్లు ఈయన చేత్తో కాల్చింది తిని, ఆ ఫోటోని పొగిడారు. ఎవరో ఒకరు అనాల్సిన మాటే. కానీ ఒక్కటడుగుతానండి. ఆ మాట మీరు ఈయన కోసం అన్నారా, ఆ టీవీ ఆయన మొహం ఎలా మారిపోద్దో చూద్దామని అన్నారా?"

"ఏంటే ఆ అడగడం, అన్నగార్ని?" అన్నాడతడు.

"అడగనివ్వండి."

 అతని పెట్టె బెల్టు మీద ఎక్కించడానికి సాయం చేస్తున్నట్టు వంగాను. అతడు లోపలికి వెళ్లిపోయాక, ఆమె నాకు నమస్కారం పెట్టి, ఆసుపత్రి బస్సు ఎక్కింది. శుక్రవారాలు ఆ తర్వాత మెస్‌లోనే గడిచాయి.

ఆమెకు ఇవ్వని జవాబు మీకు ఇస్తున్నాను. తమ్ముడి కోసం అనలేదు. అతని కోసమే అయితే, అతని జేబులోని కార్డు గుర్తుండేది. ఆ టీవీ వంటవాడి నవ్వు ఆరిపోవడం చూడాలని అన్నాను. చూశాను. ఆరింది. కెమెరా పట్టుకున్నవాడు, "మళ్లీ మొదటి నుంచి తీద్దామా?" అని అడిగేసరికి, ఆయన జుట్టు సవరించుకుని, తిరిగి అదే నవ్వు నవ్వాడు.